కాలువకు అడ్డం పెట్టిన ఎర్ర స్వెట్టర్

ఈ రోజు మేడ మీద తూము మూసుకుపోతే ప్లంబర్ వచ్చి లోపలి నుంచి కుళ్లిన గుడ్డ ఒకటి లాగాడు. ఆ వాసన నన్ను నేరుగా బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లోని మా లైన్ ఇంటికి తీసుకుపోయింది.

లైన్ ఇళ్లలో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వరసంతటికీ ఒకటే రేకుల కప్పు, చూరు వెంబడి ఒకటే రేకు కాలువ. వానలకు ముందు ఎవరింటి ముక్క వాళ్లు శుభ్రం చేసుకోవాలి, పక్కవాళ్లది ముట్టుకోకూడదు. నీళ్లన్నీ దిగే గొట్టం మాత్రం మా పక్కన చివరింట్లో ఉండే మేరీ ఆంటీ గడప దగ్గర.

ఆ ఏడు మా ఇల్లు ఒకటే కారింది. నాన్న రేకులకు తారు పూసి పూసి విసిగిపోయాడు. మేరీ ఆంటీయే సత్తు బేసిన్ తెచ్చి అమ్మతో, "ఈడ పెట్టుకో అక్కా, పిల్లోళ్ల పరుపు తడుస్తా ఉండాది" అంది.

ఆ మంచితనానికి కరిగిపోయి నాన్న నిచ్చెనెక్కాడు, ఆమె ముక్క కూడా శుభ్రం చేద్దామని. మా ముక్క దాటగానే కాలువలో కుక్కిన గుడ్డ చేతికి తగిలింది. అమ్మ అల్లిన నా ఎర్ర స్వెట్టర్! నాకు చిన్నదైందని వాళ్ల పాపకు ఇచ్చినదే. నీళ్లు ముందుకు పోలేక మా గోడలోకి దిగుతున్నాయి.

"లైన్ నీళ్లన్నీ నా గడప ముందే పడితే నేనేం చేసేదక్కా?" అంది ఆంటీ.

అమ్మ స్వెట్టర్ ఉతికి, ఆరేసి, మడిచి, బేసిన్‌లో పెట్టి తిరిగి ఇచ్చేసింది. "పాపకని ఇచ్చినాను మేరీ, కాలువకు కాదు."

ఆ తర్వాత మా ఇల్లు కారలేదు. అమ్మ ఆ వరసలో ఎవరికీ మళ్లీ ఏమీ అల్లలేదు.