నేను తీసేసిన బల్బు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. బైబిల్లో ఉన్న దయ్యాల సంగతి పాస్టరుగారు చూసుకుంటారు. కార్ల వైరింగులో మాత్రం అవి ఉండవు. ఆ మాట నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే లాలాగూడలో ఇరవై ఎనిమిదేళ్ళుగా కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. "లైట్లు వాటంతటవే వెలుగుతున్నయి, బండిల ఏదో ఉంది" అని భయపడుతూ వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. ప్రతిసారీ కారణం దొరికింది. ఒకసారి వైరు కొరికిన ఎలుక, ఇంకోసారి సీటు కింద ఒలికిన కొబ్బరినీళ్ళు. అందుకే ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది. సిగ్గుకు ఇంకో కారణం కూడా ఉంది, చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ముందు మీటరు గురించి రెండు ముక్కలు చెప్పాలి. స్టీరింగు వెనక కనబడే ముళ్ళకూ లైట్లకూ సొంతంగా ఏమీ తెలియదు. పెట్రోలు ట్యాంకులో తేలే బెండు ఒకటి ఉంటుంది. పెట్రోలు తగ్గితే అదీ కిందికి దిగుతుంది, ఆ కబురు వైరు మీద వచ్చి ఇక్కడ ముల్లు వాలుతుంది. ఇంజిన్ వేడి చూపించే ముల్లు కూడా అంతే, ఇంజిన్ దగ్గరున్న సెన్సారు చెప్పిందే చూపిస్తుంది. ఎర్ర లైట్లయితే ఇంకా తేలిక. ఎక్కడో ఒక స్విచ్ కలిస్తే ఇక్కడ బల్బు వెలుగుతుంది. స్విచ్ ఉండాలి, వైరు ఉండాలి, బల్బు ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా లైటు రాదు.

గుండ్రటి గీత మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉండే ఎర్ర లైటు బ్రేకులది. పాత కార్లలో దానికి రెండు స్విచ్‌లు. హ్యాండ్‌బ్రేకు లాగితే ఒకటి కలుస్తుంది, బ్రేకు ఆయిలు తగ్గితే ఇంకొకటి. లైటు మాత్రం రెంటికీ ఒకటే.

మా చెల్లెలు సునీత కాప్రాలో ఉంటుంది, స్కూల్లో టీచరు. దాని దగ్గర పదిహేనేళ్ళు దాటిన చిన్న కారుంది. పోయిన వేసవిలో ఆ బ్రేకు లైటు ఊరికే వెలుగుతోందని తెచ్చింది. చూశాను. ఆయిలు నిండుగానే ఉంది. హ్యాండ్‌బ్రేకు స్విచ్ అరిగిపోయి, లివరు దించినా కలిసే ఉంటోంది. అంత పాత బండికి ఆ స్విచ్ వెంటనే దొరకలేదు.

"ఎర్రగ కండ్లల్ల పొడుస్తుంటే నడపబుద్ధైతలేదన్నా, జెర ఏదన్న చెయ్యి" అంది.

మా లైనులో దీనికో దగ్గరి దారి ఉంది. బల్బు పీకేస్తే సరి. లైటు కనబడకపోతే కస్టమరు సంతోషంగా ఇంటికి పోతాడు. ఆ పాడైన స్విచ్ వైరొక్కటి ఊడదీసినా సరిపోయేది, ఆయిలు స్విచ్ తన పని తాను చేసుకునేది. కానీ దానికి సీట్ల మధ్య పెట్టె విప్పాలి, గంట పని. మీటరు వేరే పని మీద అప్పటికే విప్పి ఉంది. బల్బును హోల్డరుతో సహా తిప్పి తీసేశాను. కాగితంలో చుట్టి, మీద "సునీత" అని రాసి బిస్కెట్ల డబ్బాలో వేశాను. మీటరు బిగించి, స్క్రూల మీద ఎర్ర పెయింటు చుక్కలు పెట్టాను. ఇంకెవరైనా విప్పితే తెలియాలని అది నా అలవాటు.

"స్విచ్ మార్చేసిన, ఇగ వెలగదు" అని చెప్పాను. ఒట్టి అబద్ధం. స్విచ్ దొరికాక వేద్దామనుకున్నాను. తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. నాలుగు నెలలు గడిచిపోయాయి.

వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున, ఆరాధన మొదలవకముందు నేను చర్చి బయట ఉన్నాను. సునీత ఫోన్ చేసింది. తన వీధిలోని సండేస్కూలు పిల్లలు నలుగురిని ఎక్కించుకుని వస్తోంది.

"అన్నా, గా ఎర్ర లైటు మళ్ళొచ్చింది. హ్యాండ్‌బ్రేకు కిందికే ఉంది. రైల్వే బ్రిడ్జి ముందట ఆపిన. ఏం గాదంటే మెల్లగ వచ్చేస్తా."

"ఏం గాదు, రా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ లైటు వెలిగే వీలే లేదని నాకు తెలుసు మరి. వేరే లైటేదో చూసి ఉంటుందనుకుని ఫోటో పంపమన్నాను.

ఫోటో వచ్చింది. ఇంజిన్ నడుస్తోంది, మిగతా లైట్లన్నీ ఆరి ఉన్నాయి. గుండ్రటి గీత, మధ్యలో ఆశ్చర్యార్థకం, అదొక్కటే ఎర్రగా వెలుగుతోంది. బండి బందు చేసి పిల్లల్ని దింపమన్నాను, కదలొద్దని చెప్పాను.

బైకు మీద పది నిమిషాల్లో వెళ్ళాను. పిల్లలు ఫుట్‌పాత్ మీద కూర్చుని అరటిపండ్లు తింటున్నారు. బానెట్ ఎత్తి చూస్తే డబ్బాలో బ్రేకు ఆయిలు అడుగంటింది. వెనక ఎడమ చక్రం లోపలివైపంతా ఆయిలు తడి. పెడలు తొక్కితే కాలు నేలదాకా దిగిపోయింది. బ్రిడ్జి అవతల దిగుడులోనే సిగ్నలు, అక్కడ ఎప్పుడూ బస్సులు ఆగి ఉంటాయి. ఆ పిల్లల వంక చూడాలంటే భయమేసింది.

తాళం తిప్పి చూశాను. బ్యాటరీ లైటు వచ్చింది, ఇంజిన్ ఆయిలు లైటు వచ్చింది. బ్రేకు లైటు ఉండాల్సిన చోట చీకటి. "ఇప్పటిదాంక ఉండెనే" అంది సునీత.

మర్నాడు షాపులో ఒక్కడినే కూర్చుని మీటరు విప్పాను. స్క్రూల మీద పెయింటు చుక్కలు చెదరలేదు. బల్బు చోట ఖాళీ బొక్కే ఉంది. పక్క లైట్ల వెలుగు అందులోకి పడుతోందేమోనని అన్నీ వెలిగించి, అదే కోణంలో ఫోటో తీశాను. ఏమీ రాలేదు. బిస్కెట్ల డబ్బాలో కాగితం చుట్టినట్టే ఉంది, మీద నా చేతిరాత. లోపల బల్బు మాడిపోయి ఉంది. గాజు అంతకుముందే నల్లబడిందేమో చెప్పలేను. లోపలి తీగ మాత్రం అప్పుడు తెగలేదు, వెలుగుతుంటేనే కదా తీశాను.

తర్వాతి ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలును అందరి ముందూ సాక్ష్యంగా చెప్పే సమయానికి సునీత లేచింది. మా అన్న మంచిగా రిపేరు చేయబట్టే ఆ లైటు సమయానికి వెలిగిందని, దేవుడు మా అన్న చేతిని వాడుకున్నాడని చెప్పింది. అందరూ "స్తోత్రం" అన్నారు. ఆ పిల్లల్లో ఒకరి తల్లి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. మాడిన బల్బు నా చొక్కా జేబులోనే ఉంది. తల వంచుకుని కూర్చున్నాను. ప్రార్థన చేసుకుంటున్నానని అనుకుని ఉంటారు.

ఆ సాయంత్రమే కాప్రా వెళ్ళి చెల్లెలికి అంతా చెప్పాను. బల్బు టేబుల్ మీద పెట్టాను. "పిల్లలుండిరి కదన్నా" అంది. తిట్టినా బాగుండేది. కాసేపటికి బల్బు తీసుకుని కిటికీ వెలుగులో తిప్పి చూసింది.

"మరి నాకు గనబడ్డదేంది?"

నేను ఫోను తీసి, తను పంపిన ఫోటోను బల్బు పక్కన పెట్టాను.

ఆ వారమే చక్రం దగ్గర కారుతున్న భాగం మార్పించాను. స్విచ్ కూడా వెతికి తెచ్చి వేశాను, కొత్త బల్బు పెట్టాను. ఇదివరకు నేను "అయిపోయింది" అంటే చాలు, సునీత నా మాట మీద బండి తీసుకుని వెళ్ళిపోయేది. ఇప్పుడు సర్వీసుకు తెచ్చిన ప్రతిసారీ హ్యాండ్‌బ్రేకు లాగి, తాళం తిప్పి, ఆ లైటు వెలగడం తన కళ్ళతో చూసుకున్నాకే కదులుతుంది. నేను పక్కన నిలబడతాను. ఆ లైటుకిప్పుడు స్విచ్ ఉంది, వైరు ఉంది, బల్బు ఉంది, కాబట్టి వెలుగుతుంది. ఆ ఆదివారం ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.