ఇసుకలో ఎడమ పాదం

సాయంత్రాలు మా వీధి చివర ఆడపిల్లలు కోలాటం నేర్చుకుంటున్నారు. కర్రకు కర్ర తగిలే చప్పుడు వినిపిస్తే చాలు, నాకు గవరమ్మత్త గుర్తొస్తుంది. మా పక్కింటావిడ. ఉద్దానం జీడితోటల్లో పని చేసుకుని బతుకుతూ, ఊళ్లో ఆడవాళ్లందరికీ కోలాటం నేర్పిన మనిషి.

ఆరేళ్ల కిందట టెక్కలి నుంచి వస్తూ స్కూటీ మీంచి పడ్డాను. తలకు ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక ఎడమకాలు సరిగా పడేది కాదు. పొద్దున పలకరించినవాళ్లు సాయంత్రానికి కొత్తవాళ్లయ్యేవారు. నేనేమో లెక్కల టీచర్ని. విచిత్రమేమిటంటే, నాకేమీ కాలేదనే నా నమ్మకం. "రేపే బడికి వెళ్తాను" అని మా ఆయనతో రోజూ గొడవ. పాటకు అడుగులు వేయిస్తే మంచిదని డాక్టరు చెప్పడంతో ఆయన గవరమ్మత్తను బతిమాలాడు. అప్పటికే ఆమె కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటోంది. మిగిలిన రోజులు నాకిచ్చింది.

బాగా ఆడుతున్నావని కోలాటానికొచ్చే ఆడవాళ్లందరూ జాలిగా అనేవారు. ఆమె ఒక్కతే అనలేదు. సముద్రపొడ్డుకు తీసుకెళ్లి, తడి ఇసుకలో ఎనిమిది అడుగులు వేయించి నన్ను వెనక్కి తిప్పింది.

"సూడు టీచరమ్మా, ఇవి ఎవులి అడుగులు?"

కుడి పాదం తేటగా పడింది. ఎడమవైపు ఈడ్చిన గీతలు. "నావి కావు" అన్నాను కోపంగా.

"మరి ఇక్కడ మనిద్దరం తప్ప ఎవులున్నారు?"

అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె పక్కన కూర్చుంది. "ఏడు. నీకేటయిందో నీకు తెలిస్తేనే గదా, కాలు నీ మాటింటాది" అంది.

ఆ తర్వాత కోలాటంలో కర్ర తగిలినప్పుడల్లా ఎదుటి మనిషిని పేరు పెట్టి పిలవాలంది. నెలల తరబడి నాకు ఒక్క పేరూ నిలవలేదు. ఒకరోజు ఆడుతూ ఆడుతూ ఆగిపోయాను.

"సుశీల ఏది? ఈరోజు రాలేదేం?"

"ఓలమ్మా! రానిదాని పేరు సెప్పీసింది!" అంటూ గవరమ్మత్త కర్రలు పైకెత్తి గంతేసింది. అందరూ నన్ను చుట్టేశారు.

మళ్లీ బడికి వెళ్లిన రోజు బోర్డు మీద లెక్క తప్పు రాశాను. పిల్లలకంటే ముందు నాకే కనిపించింది. చెరిపి దిద్దాను. సాయంత్రం చెబితే గవరమ్మత్త పడీపడీ నవ్వింది. "తప్పు నువ్వే పట్టీసినావా? ఇంక నాతో పనేటమ్మా నీకు!"

ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ లెక్క పూర్తిచేశాక బోర్డుకు కాస్త దూరంగా జరిగి, రాసిందంతా ఒకసారి చూసుకుంటాను. తప్పేదైనా దొరికితే, ఆ రోజంతా నాకు పండగే.