పై అంతస్తు పూలు

పొద్దున కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, మా అపార్టుమెంటు గ్రూపులో పై ఫ్లాటు పిల్ల ఫోటో పెట్టింది. రాధామనోహరం గుత్తుల మధ్య తన ముఖం, కింద ‘మా బాల్కనీ పూలు’ అని రాత. ఆ తీగ నాటింది నేను! షోళింగనల్లూరులో కింది అంతస్తు దొరకడమే గొప్పనుకుని, జానెడు మట్టిలో కొమ్మ గుచ్చి, బియ్యం కడుగునీళ్ళు పోసి పెంచింది నేను. నా వైపు మిగిలింది ఒట్టి మాను. ఊరంతా ఆ పిల్లను మెచ్చుకుంటోంది. కాఫీ చేదెక్కిపోయింది.

ఈ మంట నాకు కొత్త కాదు. వాషర్‌మెన్‌పేట్ ఇంట్లో మేం కింద, మా పెద్ద తోడికోడలు వాళ్ళు మేడ మీద కాపురం. అత్తగారు మా దగ్గరుండేవారు. కాపురానికి వచ్చిన కొత్తల్లో వాకిలి పక్కన రాధామనోహరం నాటాను. రెండేళ్ళు చిటికెన వేలంత సన్నంగా అల్లాడింది. ఆ తర్వాత దానికేం బుద్ధి పుట్టిందో, గోడ పట్టుకుని, పిట్టగోడ ఎక్కి, మేడంతా కమ్మేసింది. కింద నాకు ముంజేతి లావు చెక్క, పైన ఆవిడకు పూలు. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ రంగు తిరిగి, ఆ పైన ఎర్రబడేవి. వీధిన పోయేవాళ్ళు తలెత్తి, మేడ మీది అక్క చెయ్యి మంచిదనేవాళ్ళు. ఆ చెయ్యి ఏనాడైనా దానికి చెంబెడు నీళ్ళు పోసిందా? పోనీ, వాళ్ళంటే పరాయివాళ్ళు. నేను వేసిన పీట మీద కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగే అత్తగారు కూడా అంతే. పైనుంచి గుత్తి ఒకటి రాలి ఒళ్ళో పడితే చాలు, ముఖం పైకెత్తి “పెద్దదాని మేడ గమగమలాడతా ఉందే” అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. చిన్నదాని చెట్టని ఒక్కసారి అంటే సొమ్మేం పోయింది?

నాకూ పూలు కావాలని లేత కొమ్మలు రెండింటిని కిందికి వంచి, అరటినారతో కిటికీ చువ్వలకు కట్టేశాను. పేడనీళ్ళు పోశాను, చేపలు కడిగిన నీళ్ళూ పోశాను. కిటికీ నిండా ఆకులే తప్ప మొగ్గ లేదు. చిగుళ్ళు మెల్లిగా మెడ తిప్పుకుని మళ్ళీ మేడ వైపే పోయాయి. అత్తగారు చూసి నవ్వారు.

“ఏందే ఇది, దూడను కట్టినట్టు కట్టినావు? దీనికి ఏరు నీడలో ఉండాల, తల ఎండలో ఉండాల. మానైన కాడ పూయదు, ఎండ తగిలిన లేతకొమ్మే పూస్తాది. సుమ్మా, ఊరికే ఇడిసిపెట్టు.”

కొమ్మలను విడిచిపెట్టాను. కడుపుమంట మాత్రం నన్ను విడిచిపెట్టలేదు.

అత్తగారు పోయాక ఆ ఇల్లు అమ్మేశారు. తోడికోడలు వాళ్ళు మాధవరంలో ఇల్లు తీసుకున్నారు. వచ్చేటప్పుడు ఇద్దరం చెరొక కొమ్మ తెచ్చుకున్నాం. ఈ ఫోటో సంగతి ఇంకెవరితో చెప్పుకోను? ఆవిడకే ఫోను చేశాను. అంతా విని పడీ పడీ నవ్వింది.

“అప్పుడు నన్ను జూసి ఏడిస్తివి, ఇప్పుడు ఆ పాపనా?”

“మీకేం అక్కా, నవ్వుతారు. పూలన్నీ మీకే పూసె.”

నవ్వు ఆగింది. “పూలుండె. ఏం జేసుకునేది? దినామూ సాయంత్రం పిట్టగోడ కాడ నిలబడి కిందికే చూసేదాన్ని. అత్త నీ వాకిట్లో కూసోని నీతో మాట్లాడతా ఉండె. మేడెక్కి రమ్మంటే మోకాళ్ళు నొప్పులనె. ఆ గుత్తులు ఆడ వాటంతట అవే రాలినాయనుకుంటివా? నేనే తుంచి ఆమె ఒళ్ళోకి ఏసేదాన్ని. ఒక్కసారి తలెత్తి నన్ను చూస్తాదని.”

ఏదో గొణిగి ఫోను పెట్టేసి, వాకిట్లోకి వెళ్ళి మాను పక్కన కూర్చున్నాను. పైనెవరో నవ్వుతున్నారు. చూడకూడదనుకుంటూనే తలెత్తాను. ఆ సాయంత్రాలన్నీ అత్తగారు నా పక్కనే కూర్చుని ఉన్నారు. నేనేమో పైకి చూస్తూనే వాటిని గడిపేశాను.