అరచేతికి అంటని గోడ

మా ఇంటికి రంగులు వేయిస్తున్నాం. పెయింటు డబ్బా మూత తీయగానే ఇంట్లోవాళ్లందరూ ముక్కులు మూసుకుంటే, నేను మాత్రం ఆ ఘాటులో ఎక్కడైనా పాత తడి సున్నం వాసన తగులుతుందేమోనని వెతుక్కున్నాను. రంగులు వేసే మనిషిని ఎంచే పని నాకే అప్పగించారు. నా చరిత్ర తెలిసినవాళ్లు చేయకూడని పని అది. పదేళ్ల వయసులో ఒక్కసారి ఆ పెత్తనం చేసి, మా అన్న పెళ్లి సంబంధానికే సున్నం కొట్టబోయినవాణ్ణి నేను.

అప్పుడు మేం దేవరకొండలో ఉండేవాళ్లం. వానలు వెనకబట్టి, చెలకల గట్ల మీద తంగేడు పసుపుపచ్చగా విరగబూసి, ఆడపిల్లలు గునుగుపూల కట్టలు నెత్తిన పెట్టుకొని వచ్చే రోజుల్లో ఊరంతా ఒకటే వాసన. కుండల్లో సున్నపురాళ్లు నీళ్లు తగిలి బుసలు కొడుతూ ఉడికేవి. అరుగుల మీద ఈత మట్టల్ని నలగ్గొట్టి కుంచెలు చేసేవాళ్లు. తెల్లటి గోడల అడుగున ఎర్రటి జాజు పట్టీలు తడితడిగా మెరిసేవి. లోపల అవ్వ దంచే మలీద ముద్దల బెల్లం ఘుమఘుమ సున్నం ఘాటుతో కలిసి, ముక్కుకు ఏది పండుగో ఏది పనో తెలిసేది కాదు.

ఆ ఏడు మాకు సున్నం తప్పనిసరి. అన్నకు వచ్చిన రెండు సంబంధాల వాళ్లు ఇల్లు చూడవచ్చి, జర చీకటిగుందని గొణుక్కుంటూ పోయి, మళ్లీ కబురు పంపలేదు. మూడోది చిట్యాల సంబంధం. ఆ పిల్లను చూసి వచ్చినప్పటి నుంచి అన్న పప్పన్నంలో మజ్జిగ పోసుకుంటున్నాడు. పిల్ల తండ్రి దసరా తెల్లారి ఇల్లు చూడ్డానికి వస్తానన్నాడు.

ఊళ్లో సున్నం వేసేవాళ్లు ఇద్దరు. మల్లయ్యది తక్కువ మాట. "నాలుగు దినాలు సున్నం నానాలె, తుమ్మబంక ఉడకాలె. గప్పుడే కుంచె పడ్త," అన్నాడు. సాయిలు మాత్రం "రేపే వస్త, ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాడు. సాయిలు అంగీ మీద ఊళ్లో ఉన్న రంగులన్నీ ఉండేవి. నా కళ్లకు అంతకు మించిన సర్టిఫికెట్టు లేదు.

బాపు ఎటూ తేల్చుకోలేకపోయాడు. మోకాళ్ల నొప్పులతో కదలలేని అవ్వ నన్ను పిలిచింది.

"రంగు సూడకు బిడ్డా. వాళ్లేసిన గోడలకు అరచెయ్యి రాసి సూడు. తెల్లగైతే వాడు మనకొద్దు."

వెళ్లి రాశాను. సాయిలు వేసిన ఇంట్లో, మనుషులు కూర్చునే చోట గోడకు ఎంత రాసినా చెయ్యి శుభ్రంగా ఉంది. మల్లయ్య వేసిన ఇంట్లో అరచెయ్యి పెట్టీ పెట్టగానే తెల్లబడింది.

"సాయిలు గోడ అంటలేదవ్వా. సదువు తోడు."

"నీకు సదువెక్కడిదిరా ఒట్టేయనీకె," అంది గానీ, లెక్కల్లో సున్నాలు తెచ్చే మనవడు సున్నం విషయంలోనైనా తప్పడనుకుంది కాబోలు, సాయిలునే పిలిపించింది.

సాయిలు ఒక్క పూటలో ఇంటిని పాలల్లో ముంచినట్టు చేసి పోయాడు. చెప్పిన రోజుకు చిట్యాల పెద్దమనిషి నల్లకోటు వేసుకొని వచ్చాడు, చాప మీద కూర్చున్నాడు, గోడకు ఒరిగి మలీద రెండుసార్లు అడిగి తిన్నాడు. పెరడు చూడ్డానికని లేచి తిరిగేసరికి మా గోడ సగం ఆయన వీపు మీద ఉంది. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. బాపు ముఖం సున్నం లేకుండానే తెల్లబడింది. ఆ వీపుతోనే ఆయన బజారు గుండా నడిచి బస్సెక్కాడు.

అవ్వ నన్ను నిలబెట్టింది. "సాయిలు గా గోడ ఎప్పుడేసిండురా?"

"పోయినేడు దసరాకు."

"మల్లయ్య?"

"నేను పోయి సూసిన్నాడే, పొద్దుగాల."

"ఆరని గోడ ఎవ్వనిదైన అంటుతది. ఏడాదిసంది వచ్చిపోయేటోళ్ల ఈపులన్ని తుడిసినంక, సాయిలు గోడకు నీ చేతికి అంటనీకె ఏం మిగుల్తదిరా?"

అన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు కబురొచ్చింది. అక్కడ పిల్ల, తన తండ్రి వీపు చూసి పకపకా నవ్విందట. ఆయన కోటు విప్పి చూసుకొని, "మన కోసమే ఏయించిండ్రు బిడ్డా. ఇంత ఇజ్జత్ ఇచ్చేటోళ్లు యాడ దొరుకుతరు," అన్నాడట.

అలా వదినె మా ఇంటికి వచ్చింది. వచ్చిన మొదటి రోజే, "ఏం మరిదీ, ఈ గోడకు ఒరగొచ్చునా?" అని అడిగింది. అరవై ఏళ్లుగా ఎవరింట కూర్చున్నా, ముందు నలుగురూ వినేలా ఆ ముక్క అడిగి గానీ ఒరగదు.

ఇప్పుడు నా దగ్గరికి ముగ్గురు వచ్చారు. ముగ్గురినీ ఒకటే కోరాను: వరండాలో వదినె కూర్చునే కుర్చీ వెనక గోడకు ఉత్త సున్నం, దాన్ని గోడకు పట్టి ఉంచే బంక లేకుండా వేయాలి. మొదటి ఇద్దరూ "ఓకే సార్" అన్నారు. జడ్చర్ల నుంచి వచ్చిన మూడో అతను తల అడ్డంగా ఊపాడు. "గట్ల నేనెయ్య సార్. ఎవరన్న చెయ్యి పెడితే పొయ్యేది నా ఇజ్జత్. కావాలంటే మీరే ఏస్కోండ్రి." ఇల్లంతా అతనికే అప్పగించి, ఆ గోడ నేనే వేసుకున్నాను.

ఈత కుంచె దొరకలేదు. సున్నపురాళ్లు అడిగితే దుకాణం పిల్లవాడు నన్నే వింతగా చూశాడు. చివరికి పాన్ డబ్బా కొట్టు నుంచి సున్నం తెచ్చి కలిపాను. వీపు చూసి ఎవరు ఎవరింటి నుంచి వస్తున్నారో చెప్పగలిగిన రోజులు పోయాయి. ఇప్పటి గోడలు ఎంతసేపు ఒరిగినా చుట్టానికి ఏమీ ఇచ్చి పంపవు.

మొన్న ఆదివారం వదినె ముదురు నీలం చీరలో వచ్చి, కుర్చీ ముందు ఆగి అలవాటు ప్రకారం అడిగింది.

"ఒరుగు వదినె. ఈసారి మంచోడే దొరికిండు," అన్నాను. అబద్ధమేమీ కాదు.

రెండు చాయ్‌లు తాగేదాకా కూర్చుని లేచింది. పిల్లలు కిసుక్కుమన్నారు. వదినె కొంగు ముందుకు లాక్కొని చూసుకుంది, వేలితో తాకింది, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మా నాయిన కోటు లెక్కనే అయ్యింది గదా మరిదీ," అని, దులుపుకోకుండానే కారెక్కింది.