నులిపురుగుల కుండతో తెక్కలకోటకు

కుండెడు నులిపురుగులను ఒళ్ళో పెట్టుకుని రైలెక్కిన మొదటి తెలుగువాణ్ణి నేనే అయివుంటాను. కాదని నిరూపించే తీరిక మీకుంటే నిరూపించుకోండి. నేను మాత్రం ఆ బుధవారం సాయంత్రం ఏడు కొట్టేసరికి బెంగుళూరు సిటీ స్టేషనులో, గుంతకల్లు బండి మూడో తరగతి పెట్టెలో, కిటికీ పక్కన కుదురుకున్నాను.

ప్రయాణానికి కారణం మా బావ రాసిన కార్డు. మా అక్కను బళ్ళారి జిల్లాలో తెక్కలకోటకు రెండు మైళ్ళ దూరంలో ఉన్న పల్లెకు ఇచ్చాం. బావ వీరభద్రప్ప నాలుగెకరాల ఎర్రనేలలో సెనక్కాయ వేశాడు. నిన్న పచ్చగా ఉన్న చెట్టు ఈ రోజు తల వాల్చేస్తోందట. పీకితే వేరుండదు. మట్టిలో కొడవలిలా వంగి పడుకున్న తెల్లటి లావుపాటి పురుగు ఉంటుంది. అక్కడ దాన్ని గొణ్ణె పురుగంటారు. పోయినేడు సగం పంట దాని పొట్టలోకే పోయింది. ఈసారి పుబ్బ కార్తె వెళ్ళేలోగా ఏ దారీ దొరక్కపోతే చేను దున్నేసి జొన్న వేస్తానని రాశాడు.

మా పక్కింటాయన పురుగుల ప్రయోగశాలలో పనిచేస్తాడు. కార్డు వినిపిస్తే కుర్చీలోంచి లేచాడు. కంటికి ఆనని నులిపురుగులు కొన్ని ఉన్నాయట. తడిమట్టిలో ఈదుకుంటూ వెళ్ళి గొణ్ణె పురుగులోకి దూరతాయట. రెండు మూడు రోజుల్లో దాన్ని చంపి, దాన్నే తిని, దాన్లోనే పిల్లల్ని పెట్టి, వారం పది రోజులకు వేలకు వేలుగా బయటికొచ్చి ఇంకో పురుగును వెతుక్కుంటాయట. ఇంత అందమైన అబద్ధం నలభై ఆరేళ్ళలో నేను ఒక్కటి కూడా అల్లలేకపోయాను. కాబట్టి అది నిజమే అయివుండాలని నమ్మేశాను.

ఆయన మూడు స్పాంజి ముక్కలకు నులిపురుగుల నీళ్ళు పట్టించి, వెడల్పు మూతి సీసాలో పెట్టి, గుడ్డ కట్టి ఇచ్చాడు. ఎండ తగలకూడదు, ఆరిపోకూడదు, వేడెక్కకూడదు. నీళ్ళలో పిండి, పొద్దు వాలాక, తడినేల మీద పోయాలి. కొత్త పెళ్ళికూతురిని కూడా ఇన్ని షరతులతో పంపరు. సీసాను తడి ఇసుక పోసిన మట్టికుండలో దించి, పైన తడి గోనె చుట్టి బయల్దేరాను.

బండి కదలగానే ఎదురు బల్లమీది ఆవిడ కుండలో ఏముందని అడిగింది. ఉన్నమాటే చెప్పాను. ఆవిడ పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుని, "పిల్లోళ్ళ కడుపులో ఉండేటివాటినేనా, కుండలో పెట్టుకొని ఊళ్ళు తిప్పుతాండావు?" అంది. ఆ తర్వాత హిందూపురం దాకా మా బల్లమీదికి ఎవరూ రాలేదు. కాళ్ళు చాపుకుని నిద్రపోయాను. చోటు కావలసిన వారికి ఇది మంచి ఉపాయం.

తెల్లవారి అయిదున్నరకు గుంతకల్లు. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ వేడిగా ఉంటుంది, చట్నీలో కారం ఎక్కువ. ఏడింటికి బళ్ళారి పాసింజరు. టికెట్ల ఇన్‌స్పెక్టరు కుండను చూసి సామాను టికెట్టు అడిగాడు. లోపల ఉన్నది సామాను కాదు, రెండు మూడు లక్షల మంది ప్రయాణికులని మనవి చేశాను. ఆయన నవ్వకుండా, "మూడేళ్ళ లోపోళ్ళయితే టికెట్టు అక్కరలేదు" అని పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు. రైల్వేలో అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు.

తొమ్మిదిన్నరకు బళ్ళారి. కోట గుట్ట అప్పటికే కాలిన పెనంలా ఉంది. మండక్కి అని అక్కడివాళ్ళనే మరమరాలు, మిరపకాయ బజ్జీ తిని, గోనెను మళ్ళీ తడిపి, పదకొండు గంటల సిరుగుప్ప బస్సు దగ్గరికి వెళ్ళాను. కండక్టరు కుండను పైన కట్టమన్నాడు. పైన అంటే నిప్పుల కుంపటి. నిజం చెబితే ఏమవుతుందో రైల్లో చూశాను గనుక, ముఖం దించుకుని, మా పెదనాయన అస్థికలని, తుంగభద్రలో కలపడానికి తీసుకెళ్తున్నానని చెప్పాను. నీడ వైపు సీటు ఖాళీ చేశారు. ఒక ముసలాయన తన చెంబులో నీళ్ళు గోనె మీద పోసి, "సల్లంగ ఉండనీ అప్పా, ఎండకు ఎంత అల్లాడినాడో" అన్నాడు. నాకు పెదనాయన లేడు. అయినా ఆ క్షణంలో ఆయన కోసం కళ్ళు చెమర్చాయి.

తెక్కలకోటలో పన్నెండున్నరకు దిగితే బావ ఎద్దులబండితో నిలబడి ఉన్నాడు. కుండ సంగతి దారి పొడుగునా చెప్పాను. అంతా విని, "బామ్మర్దీ, లాల్‌బాగులో గుమ్మడికాయలో కాపురముండేటోళ్ళు బాగుండారా?" అన్నాడు. నేనే ఎప్పుడో అల్లి చెప్పిన కథ.

అక్క జొన్నరొట్టె, సెనక్కాయ పచ్చడి పెట్టింది. కుండను చూరు కింద నీళ్ళ బానల మధ్య దించి, పొద్దు వాలేదాకా ఒక కునుకు తీద్దామని పడుకున్నాను. ఈ యాత్రలో నేను చేసిన తప్పు అదొక్కటే, చాలినంత పెద్దది.

నాలుగున్నరకు లేచి చూస్తే సీసా ఖాళీ. పెరట్లో అక్క నా స్పాంజి ముక్కతో ఇత్తడి బిందెను చింతపండు, బూడిద వేసి తోముతోంది. మిగతా రెండూ దండెం మీద ఆరుతున్నాయి.

"బెంగుళూరు పీచు ఎంత మెత్తగుండాదిరా" అంది మెచ్చుకోలుగా. "పాచి వాసన వస్తాంటే ముందు తొట్టెనీళ్ళల్లో బాగా జాడిచ్చినా."

ఆ నీళ్ళేం చేశావని అడిగాను. ఆ ఇంట్లో కడిగిన నీళ్ళు వీధిలో పోయడం లేదు. చుక్క మిగలకుండా పెరటి వెనక ఎరువు దిబ్బ మీదికి పోతాయి. అత్తగారి కాలం నుంచీ అదే పద్ధతి.

బావ అరుగుమీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఎల్లుండి కాడి కడతానన్నాడు. అక్క స్పాంజి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈ చేనికి కలుపు తీసింది ఆమె. ఎరువు దిబ్బలోనూ గొణ్ణె పురుగు ఉంటుంది గనుక, ఆదివారం దాకా ఆగమని బావను బతిమాలాను. నా ముఖం చూసి కాదు, అక్క ముఖం చూసి ఆగాడు.

శుక్రవారం రెండుసార్లు దిబ్బ తవ్వాను. గొణ్ణె పురుగులు దండిగా ఉన్నాయి, అన్నీ హాయిగా ఉన్నాయి. శనివారం పొద్దున ఏడింటికి, నీళ్ళు పోసిన మూల జానెడు లోతున, ఒకటి వంగకుండా చాపలా పడివుంది. తెలుపు పోయి లేత ఇటుక రంగు. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన మూడు. కేక పెట్టాననుకుంటాను, ఎందుకంటే అక్క పిండిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. పక్కింటాయన ఇచ్చిన భూతద్దం కింద ఒకదాన్ని చీల్చి నీటిచుక్కలో పెట్టాను. దారప్పోగుల్లాంటివి గిలగిల మెలికలు తిరుగుతున్నాయి.

అక్క చూసింది. బావ చూశాడు, అద్దం తుడిచి మళ్ళీ చూశాడు.

"నీ మాట నేను నమ్మలా" అన్నాడు నెమ్మదిగా. "ఇది నా కన్ను సెప్తాండాది."

సంతోషం సరే, ఇవి చేనికి చేరేదెలా? స్పాంజిలు ఎండిపోయాయి, బెంగుళూరు దూరం. నేను తల గోక్కుంటూంటే అక్క చేతిలో పిండి దులుపుకుంటూ, "పాలకు తోడేసేటప్పుడు పెరుగు కుండంతా పోస్తామా? సచ్చినవాటినే తీస్కపోయి మట్టిలో పెడితే సరి" అంది. మా ముగ్గురిలో బడికి వెళ్ళనిది ఆమె ఒక్కతే.

ఆదివారం మధ్యాహ్నం మంచి జల్లు పడింది. సాయంత్రం అక్క, పక్కచేల ఆడవాళ్ళు ఇద్దరు విత్తనాలకు కట్టినట్టే ఒడి కట్టి, రెండు రోజులూ దిబ్బలో ఏరిన చచ్చిన పురుగులు పోసుకుని చేలో దిగారు. ఇంటి ఇల్లాలే మొదటి గింజ వేయాలన్నది అక్కడి ఆచారం. అక్క తూర్పుకు తిరిగి దండం పెట్టి, తల వాల్చిన చెట్టు మొదట్లో మొదటి చచ్చిన పురుగును నాటింది. గట్టు మీద నలుగురు చేరి, వీరభద్రప్ప ఇంట పురుగులు విత్తుతున్నారని నవ్వారు. అరెకరానికి సరిపోయాయి.

నాలుగు రోజుల సెలవు మీద వచ్చినవాణ్ణి, ఆఫీసుకు తంతి కొట్టి ఉండిపోయాను. పుబ్బ చివరి రోజు, పురుగులు నాటిన తొమ్మిదో నాడు, మంగళవారం, బావ పొద్దున్నే ఎద్దులకు కాడి కట్టి నాగలితోనే చేనికి వచ్చాడు. మాటంటే మాటే అనే మనిషి. ముందు ఆ అరెకరంలో ఏడు చోట్ల తవ్వాం. రెండు చోట్ల పురుగు బతికే ఉంది. అయిదు చోట్ల ఇటుక రంగు. గట్టుకవతల మిగతా చేలో తవ్వితే అన్నీ తెల్లగా, లావుగా. బావ ఆ అయిదు చోట్లా దొరికినవాటిని తువ్వాలులో ఏరుకుని, గట్టు దాటి, పక్క సాళ్ళలో తన చేత్తో నాటాడు. కాడి విప్పాడు.

మర్నాడు నాతోపాటు బళ్ళారికి వచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి కౌల్ బజారులో గింజల దుకాణానికి వెళ్ళాం. అతని పేరున పెట్టివుంచిన జొన్న విత్తనాన్ని ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. దుకాణం సాయిబు ఆశ్చర్యపోయి, "ఏమప్పా, పురుగు ఖాలీ అయిందా?" అని అడిగాడు.

"కాలేదు సాయిబూ. సచ్చేది నేర్సుకుంటాండాది" అన్నాడు బావ.

నాలుగింటికి గుంతకల్లు పాసింజరు. ఈ దారిన వెళ్ళదలచినవారు కుడివైపు కూర్చోండి, ఎండ పడదు. బళ్ళారి దాటాక రెండు పక్కలా సెనక్కాయ చేలే. ఇన్నేళ్ళూ అవి నాకు బండి కిటికీలో పచ్చటి పట్టీలు, అంతే. ఆ సాయంత్రం తల వాల్చిన చెట్టు కనబడ్డ చోటల్లా గొలుసు లాగి దిగి, మట్టి తవ్వి చూడాలన్నంత ఆత్రం పుట్టింది. అక్క చేలో రేపు ఎన్ని బస్తాలు పండుతాయో నాకు తెలియదు. నిన్న ఆ ఎద్దులు ఒక్క సాలైనా దున్నకుండా, చేనును చేనుగానే వదిలి ఇంటికి వెళ్ళాయి. అంతవరకు కళ్ళారా చూశాను.