కంపోస్టు టీ కొట్టిన పంపు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన తర్వాత వచ్చిన మొదటి జూన్‌లో నన్ను అనంతపురం శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీకి హార్టికల్చర్ ఆఫీసర్‌గా వేశారు. అదే నా ఆఖరి పోస్టింగు. హోదా పేరు పెద్దదే గానీ, నా కింద ఉన్నది ఐదారుగురు కాంట్రాక్టు మాలీలు, నా పైన ఉన్నది ఎస్టేట్ మేనేజర్. మాలీల హాజరు, జీతం, పనిముట్లు మేనేజర్ చేతిలో ఉండేవి. మొక్కలు మాత్రం నా బాధ్యత. ఈ ఏర్పాటు కనిపెట్టిన మహానుభావుణ్ణి ఒక్క ఎండాకాలం ఆ లాన్‌కు కాపలా పెట్టాలని నాకు చాలాసార్లు అనిపించేది.

లాన్ అంటే ఆఫీసు భవనం ముందు అర ఎకరం పచ్చిక. బోరు నీళ్ళు ఉప్పు, నేల ఎర్ర గరుసు, పైన ఆషాఢం గాలి. తాగే నీళ్ళకే ట్యాంకర్లు తిరిగే చోట గడ్డి పెంచడం ఏమిటని నన్ను అడిగి లాభం లేదు, యాజమాన్యానికి అది కావాలి. అంతకుముందు వాళ్ళు యూరియా చల్లి పెంచేవారు. యూరియా తిన్న గడ్డి గబగబా పెరిగి ఇంకా నీళ్ళు అడుగుతుంది. అది మాన్పించి నేను కంపోస్టు టీ మొదలుపెట్టాను.

టీ అంటే తాగేది కాదు. వర్మీకంపోస్టును గుడ్డసంచిలో కట్టి, డ్రమ్ము నీళ్ళలో వేలాడదీసి, కాస్త బెల్లం వేసి, అడుగు నుంచి చిన్న మోటారుతో గాలి బుడగలు పంపుతాం. ఒక పగలూ ఒక రాత్రీ గడిచేసరికి ఎరువులోని మేలుచేసే సూక్ష్మజీవులు ఆ నీళ్ళలో వృద్ధి అవుతాయి. తడిసిన మట్టి వాసన వస్తే వాడాలి, మురుగు కంపు కొడితే పారబొయ్యాలి. ట్యాంకరు నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ముందుగా ఒక రోజు మూత తీసి ఉంచాలి. రెండుసార్లు వడగట్టకపోతే నలకలు పడి నాజిల్ మూసుకుపోతుంది. పురుగుమందు కొట్టే సన్నని నాజిల్ దీనికి పనికిరాదు. పెద్ద రంధ్రమున్నది పెట్టి, ఒత్తిడి తగ్గించి, ఎండ దిగాక కొట్టాలి. గాలి లేచాక కొడితే అది గడ్డి మీద కాదు, కొట్టేవాడి మొహం మీద పడుతుంది. డ్రమ్ములో మోటారు ఆపిన తర్వాత కొద్ది గంటల్లోనే పని ముగించాలి, నిలవ ఉంచుకునే సరుకు కాదు.

ఈ పని నేను తిప్పేస్వామికి నేర్పాను. యాభై దాటిన మనిషి, దగ్గర పల్లెలో కొద్దిగా శెనక్కాయ చేను ఉంది, వానలు నమ్ముకోలేక మాలీగా చేరాడు. అతని కూతురు అదే కాలేజీలో ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతుండేది. సిబ్బంది పిల్లలకు ఫీజులో రాయితీ ఇచ్చేవారు. తండ్రి ఉద్యోగం పోతే ఆ రాయితీ కూడా పోతుంది. ఆ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు, మేనేజర్‌కు ఇంకా బాగా తెలుసు.

ఆగస్టులో ఒక తనిఖీ బృందం రావలసి ఉంది. దానికి ముందు ఒక విడత టీ కొట్టాలని డ్రమ్ము సిద్ధం చేయించాను. కొట్టే రోజున నన్ను వేరే ఊళ్ళోని క్యాంపస్‌కు పంపారు. తిప్పేస్వామి ఒక్కడే కొట్టాడు. వారం గడిచేసరికి పోర్టికో ముందు గడ్డి పసుపుపచ్చగా మారింది, ఆ తర్వాత గోధుమరంగుకు తిరిగింది. సరిగ్గా కార్లు వచ్చి ఆగేచోటే.

మేనేజర్ నన్ను పిలిపించి, తీర్పు ముందే రాసిపెట్టుకున్నవాడిలా మాట్లాడాడు. తిప్పేస్వామి ఎరువు నీళ్ళు చిక్కగా కలిపి గడ్డిని మాడ్చాడని, నెలాఖరుకు అతన్ని తీసేస్తున్నానని చెప్పాడు. టీ చిక్కగా ఉన్నంత మాత్రాన గడ్డి మాడదని నేను చెప్పాను. అయితే మీ టీయే తప్పు అన్నమాట, అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒకటి రెండు వారాలు ఆగమని, కారణం తేల్చి కాలేజీ డైరెక్టర్‌కే చెబుతానని లేచి వచ్చేశాను.

లాన్ మీద మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే రెండు విషయాలు కనబడ్డాయి. మాడింది లాన్ అంతా కాదు. ఒక మనిషి వీపున మందు కొట్టే పంపు తగిలించుకుని నడిచినంత వెడల్పున చారలు చారలుగా మాడింది. మొదట కొట్టిన చోట గడ్డి చచ్చింది, ఆ పక్కన పాలిపోయింది, దూరం పోయేకొద్దీ పచ్చగానే ఉంది. డ్రమ్ములో టీ అంతా ఒకటే కాబట్టి, టీ తప్పయితే అంతటా ఒకేలా ఉండాలి. రెండోది, చచ్చిన గడ్డి మధ్యలో పల్లేరు తీగ నిక్షేపంగా పూలు పూస్తూ ఉంది. గడ్డి చచ్చి కలుపు బతకడమేమిటి?

మా జిల్లాలో దానికి ఒకటే జవాబు. శెనక్కాయ చేలో కలుపు తీయించే కూలీలు దొరక్క ఇప్పుడు చాలామంది ఒక మందు కొడతారు. అది గడ్డి జాతిని మాత్రమే చంపుతుంది, శెనక్కాయను ముట్టదు. లేత ఆకులు పుట్టే మొవ్వు అడుగున కుళ్ళుతుంది. చచ్చిన గడ్డి కొసలు పట్టి లాగాను. మొవ్వు ఊడి చేతికొచ్చింది.

తిప్పేస్వామిని పిలిచి ఏ పంపుతో కొట్టావని అడిగాను. తల వంచుకున్నాడు.

"కాలేజీ పంపు వాషరు పోయిండాది మేడమ్. మేనేజర్ సారును అడిగితే యాడ్నుంచన్నా తెచ్చి పని కానీ అని చెప్పినాడు. మా ఇంట్లో పంపు తెచ్చినా. మూడుసార్లు కడిగినా మేడమ్, ఒట్టు."

"దాంతో అంతకుముందు ఏం కొట్టినావు?"

"శెనక్కాయలో గడ్డి మందు."

అతను కడిగాననడం అబద్ధం కాదు. ఆ మందు నూనెలాంటిది, వట్టి నీళ్ళకు పూర్తిగా పోదు. రబ్బరు గొట్టంలో, నాజిల్ వెనక జల్లెడలో పట్టుకుని ఉండి, తర్వాత పోసినదానిలోకి కొద్దికొద్దిగా ఊరుతుంది. సబ్బు నీళ్ళు నింపి ఒక రాత్రి నిలవ ఉంచి, అన్ని భాగాలూ విప్పి కడగాలి. ఇది అతనికి ఎవరూ చెప్పలేదు. డబ్బా మీద చీమంత అక్షరాల్లో ఏదో రాసి ఉంటుంది, అదీ ఇంగ్లీషులో.

కారణం దొరికింది గానీ నాకు నెమ్మది లేకపోయింది. పంపు సంగతి బయటపెడితే నా టీకి మచ్చ పోతుంది, తిప్పేస్వామి మెడకు ఉరి పడుతుంది. బయటపెట్టకపోతే, టీ చిక్కగా కలిపాడన్న నెపంతో ఎలాగూ పోతాడు. మేనేజర్ నోటిమాటగా చెప్పినదానికి సాక్షి లేడు. ఆ రోజులన్నీ కాలుగాలిన పిల్లిలా నర్సరీకీ లాన్‌కీ మధ్య తిరిగాను. తిప్పేస్వామి అయితే నాతో మాట్లాడడమే మానేశాడు. కూతురు క్యాంటీన్ దగ్గర ఎదురైతే పక్కకు తప్పుకునేవాడు.

ఏదేమైనా రుజువు లేకుండా నోరెత్తకూడదు. కుండీల్లో కొన్నిటిలో గడ్డి జాతికే చెందిన జొన్న, కొన్నిటిలో శెనక్కాయ మొలిపించాను. అతని పంపులో నీళ్ళు నింపి, ఒక రాత్రి అలాగే ఉంచి, బాగా కుదిపి, గొట్టంలోంచి వచ్చిన మొదటి నీళ్ళు రెండు రకాల్లోనూ సగం కుండీలకు కొట్టించాను. అదే డ్రమ్ములో కొత్తగా తయారుచేసిన టీని శుభ్రమైన చేతి స్ప్రేయర్‌తో మిగతా సగానికి కొట్టాను. ఇక చూడడమే పని. రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసేదాన్ని, చూస్తే త్వరగా ఎండుతాయేమోనన్నట్టు. టీ కొట్టిన కుండీలు పచ్చగా ఎదిగాయి. పంపు నీళ్ళు కొట్టిన వాటిలో శెనక్కాయ నవనవలాడుతూ నిలిచింది, జొన్న మాత్రం మొవ్వుతో సహా వాడిపోయింది.

డైరెక్టర్‌ను నర్సరీకే రమ్మన్నాను. మేనేజర్ కూడా వచ్చాడు. కుండీలు చూపించి, జరిగింది వరసగా చెప్పాను. మేనేజర్ వెంటనే అందుకున్నాడు.

"చూసినారా సార్, మాలీనే కదా పంపు తెచ్చినాడు. 'పని కానీ' అంటి గానీ, ఆ పంపు తెమ్మని నేను చెప్పలేదు."

ఉద్యోగంలో నేను గొంతు పెంచడం తక్కువ. ఆరోజు పెంచాను. కాలేజీ పంపు వాషరు పోయి నెల రోజులుగా ఆయన గదిలో బీరువా పక్కనే పడి ఉందని, దాన్ని బాగు చేయించలేదని, ఇంకోటి కొనలేదని చెప్పాను. "ఇంక పని కానీ అంటే ఏమి సార్, అర ఎకరం చేత్తో చల్లమనా?" అని మేనేజర్‌నే అడిగాను.

మేనేజర్ కుండీల వైపు చూశాడు. డైరెక్టర్ వంగి వాడిన జొన్నను వేలితో కదిపి చూశాడు. తర్వాత, రెండు కొత్త పంపులు తెప్పించమని, తిప్పేస్వామిని తీయొద్దని మేనేజర్‌కు చెప్పి వెళ్ళిపోయాడు. తనిఖీ బృందం వచ్చేనాటికి మాడిన చోట పూలకుండీలు పేర్పించాం. వాళ్ళు గడ్డి వైపు చూడనైనా లేదు.

ఉద్యోగం నిలిచిందని చెబుదామని వెళ్తే తిప్పేస్వామి నర్సరీలో ఆ కుండీల ముందే కూర్చుని ఉన్నాడు. విన్నాడు, తల ఊపాడు, సంతోషపడలేదు. చచ్చిన జొన్న మొక్క మొవ్వు పట్టి లాగి, దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

"పోయినేడు మా జొన్న ఇట్లే పోయినాది మేడమ్. పురుగుందని అదే పంపుతో మందు కొట్టింటి. పక్క చేన్లో నిలబడిండె, మాది ఎండిపాయ. వాన చాల్లేదు, మా నేల గట్టిది అనుకుంటిమి." మొవ్వును మళ్ళీ కుండీలోనే పెట్టాడు. "మేత లేక ఆవును అమ్ముకుంటిమి."

అతని పక్కన ఇటుక మీద కూర్చున్నాను.

ఆ తర్వాత నేను పనిచేసినన్నాళ్ళూ కలుపుమందుకు వేరే పంపు, మిగతావాటికి వేరే పంపు ఉంచాను. మా జిల్లాలో ఏ పైరు ఎండినా అందరూ ముందు ఆకాశం వైపు చూస్తారు, నేనూ అలాగే చూసేదాన్ని. ఇప్పుడు రైతులెవరైనా ఎండిన మొక్క పట్టుకొచ్చి చూపిస్తే, వాన ఎప్పుడు పడిందన్నది నా రెండో ప్రశ్న. నీ పంపు అంతకుముందు ఏ చేలో ఉంది అన్నది మొదటిది.