చిలక్కి కుట్టిన చొక్కా

తాతది వీధి మలుపులో దర్జీ కొట్టు. కొట్టంటే ఇంటి ముందుగదే. కొత్త బట్టలు కుట్టడం మానేసి చాన్నాళ్ళయింది. బిగుతైనవి వదులు చేయడం, పొడుగైనవి కుదించడం, చిరిగినవి అతకడం, ఇదే పని. వచ్చిన ప్రతి బట్టకీ ఇవ్వాల్సిన తేదీ రాసి ఓ చీటీ గుచ్చుతాడు. ఆ తేదీకి బట్ట గడప దాటాల్సిందే. నలభై ఏళ్ళలో ఆ కొట్టుకి వచ్చి తిరిగి వెళ్ళనిది నాయనమ్మ ఒక్కతే. ఆవిడ కూడా కోటు చేతులు కుదించుకోవడానికే వచ్చింది. అవి ఇప్పటికీ పొడుగ్గానే ఉన్నాయని దెప్పని వారం లేదు.

అలాంటి కొట్టుకి ఒకరోజు లెక్కల టీచరమ్మ ప్యాంటుకి బదులు పంజరం పట్టుకొచ్చింది. లోపల బూడిదరంగు పెద్ద చిలుక, ఎర్ర తోక.

"రెండేళ్ళ పిల్ల, మాస్టారూ. మా ఇల్లు దీనికి రెండో ఇల్లు. నేను పొద్దంతా బడిలో ఉంటాను. ఒంటరిగా కూర్చుని ఈకలు పీక్కుంటోంది. మీరైతే ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు కదా."

తాత పుట్టి బుద్ధెరిగాక పిచ్చుకను కూడా పెంచలేదు. కానీ ఆ చిలుక మెడ పక్కకి వంచి, కుట్టిన కోటు తొడుక్కుని అద్దంలో చూసుకునే ఆసామిలా తాతను ఎగాదిగా చూసింది. తాత సరేననేశాడు. ఇంట్లో ఒక మాట అడగాలని తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

"నన్నడిగారా?" అంది నాయనమ్మ.

"నిన్ను చేసుకునేటప్పుడు మాత్రం ఎవర్నడిగానే?"

చిలుక రొమ్ము మీద అరచేతి మందాన ఈకల్లేవు. పక్షుల డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసింది. "జబ్బేం లేదండీ. విసుగు, దిగులు. ఒక నెల చూడండి. అప్పటికీ ఇలాగే ఉంటే పక్షుల ఆశ్రమానికి పంపుదాం. అక్కడ దీన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళున్నారు."

ఇంటికి రాగానే తాత చెయ్యి అలవాటు కొద్దీ చీటీ మీద నెల తర్వాతి తేదీ రాసి పంజరానికి బయట తగిలించేసింది. రాసింది తన చెయ్యే అయినా, ఆ తేదీ కనపడకుండా తాత చీటీని వెనక్కి తిప్పాడు. మూడో ఇల్లు కూడా పోతే ఈ పిల్లకి ఇంకే ఇల్లూ నచ్చదేమో.

మొదటి వారం చిలుక మూలకి నక్కి కూర్చుంది. దగ్గరికెళ్తే తాత బొటనవేలు పట్టుకుని రక్తం కళ్ళజూసింది. "మీ కత్తెర కన్నా దీని ముక్కే నయం, మొద్దుబారలేదు" అని మురిసి, నాయనమ్మ దానికి కత్తెర అని పేరు పెట్టింది. పంజరం అడుగున మాత్రం రోజూ నాలుగైదు ఈకలు.

అప్పుడు తాత బుర్రలో దర్జీలకు మాత్రమే తట్టే ఆలోచన తట్టింది. ఒంటి మీద ఈకల్లేవు, చలేస్తుంది కదా! ఒక చేత్తో పొద్దుతిరుగుడు గింజ ఆశ చూపిస్తూ రెండో చేత్తో టేపు పట్టాడు. రొమ్ము తొమ్మిది అంగుళాలు. భుజం ఎక్కడ మొదలవుతుందో ఎంత వెతికినా దొరకలేదు. రెండు రోజులు కూర్చుని నీలం చొక్కా కుట్టాడు. కాలరూ, నాలుగు బుల్లి గుండీలూ.

"జేబు మర్చిపోయారు."

"జేబులో అదేం పెట్టుకుంటుందే?"

"మీ బుర్ర."

చొక్కాలో కత్తెర ఒక్క నిమిషం పెద్దమనిషిలా కూర్చుంది. తర్వాత మొదటి గుండీ టక్కుమని కిందపడింది. రెండోది. కాలరు. మధ్యాహ్నానికి చొక్కా పీలికలైంది. పదేళ్ళలో తాత మనసుపెట్టి కుట్టింది అదొక్కటే. మొహం వేలాడేసుకుని పంజరం ఊడవబోయాడు.

"ఆగండి. పొద్దుట్నుంచీ అది ఒక్క ఈకైనా పీకిందా?"

ఇద్దరూ వంగి చూశారు. గుండీలు, దారాలు, పీలికలు. ఈక లేదు.

ఈ సంగతి విని డాక్టరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వాపుకుని గట్టిగా చివాట్లు పెట్టింది. "దారం కాలికి చుట్టుకుంటే వేలు తెగిపోతుంది, మాస్టారూ! గుడ్డ పీచు కడుపులోకెళ్తే ప్రాణానికే ముప్పు. చొక్కాలొద్దు. కానీ దానికి చింపే పని కావాలి. కాగితం, అట్ట ఇవ్వండి."

కాగితమా! మంచం కింద ట్రంకుపెట్టె నిండా తాత కత్తిరించి దాచుకున్న నమూనాలున్నాయి. కాలర్లు, చేతులు, జేబులు, అన్నీ ఖాకీ కాగితంవే. ముట్టుకుంటే ఇంట్లో యుద్ధమే. అలాంటిది రోజుకొకటి తీసి, మడతలో గింజ దాచి కత్తెరకి ఇవ్వడం మొదలుపెట్టాడు. వెనకటి బేకరీ యజమాని కోటు నమూనా ఒక్కటే మూడు రోజులొచ్చింది, ఆ పొట్ట అలాంటిది. మిషను దగ్గర తాత కుట్లు విప్పుతుంటే, పంజరంలో కత్తెర మడతలు విప్పేది. మూడో వారానికి గింజను తాత వేళ్ళ మధ్య నుంచి అందుకుంది, చర్మం ముట్టుకోకుండా.

ఒకరోజు తాత బజారు నుంచి ఆలస్యంగా వచ్చేసరికి మళ్ళీ రెండు ఈకలు రాలి ఉన్నాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని అన్నానికి పిలిచినా లేవలేదు.

చీటీ మీది తేదీ రానే వచ్చింది. డాక్టరమ్మ కత్తెర రొమ్ము మీద వెలుతురు పడేలా తిప్పింది. బోడిగా ఉన్నచోట గుండుసూదులు గుచ్చినట్టు సన్నటి బూడిదరంగు మొనలు. కొత్త ఈకలు.

"పూర్తిగా మానిందని చెప్పను. మళ్ళీ పీక్కున్నా పీక్కోవచ్చు. ఆశ్రమమా, మీ ఇల్లా, ఇక మీ ఇష్టం."

ఇంటికొచ్చి తాత పంజరం మీది చీటీ తీశాడు. మధ్యలో గింజ పెట్టి, నాలుగు మడతలు వేసి లోపలికి అందించాడు. కత్తెర కాలితో పట్టుకుని ముందు తేదీ ఉన్న వైపే చింపింది.

నాయనమ్మ లోపలికెళ్ళి పాత కోటు తెచ్చి మిషను మీద పడేసింది. "దాని సంగతి తేలిందిగా. ఈ చేతులెప్పుడు కుదిస్తారు?"

"కుదిస్తే తీసుకుని వెళ్ళిపోతావు కదే" అన్నాడు తాత, తలెత్తకుండా.

నాయనమ్మ కోటు తీసి తొడుక్కుని, వేళ్ళ మీదకి జారిన చేతుల్లోంచే కత్తెరకి గింజ అందించింది.